సాయంత్రపు సైకిల్ యాత్ర పాత పట్నం నుంచి మొదలవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

గత మాఘ పౌర్ణమి నాటి సాయంత్రం, గైడు ముందుండి నడిపించే సైకిల్ యాత్రలో చేరి, మన విశాఖ సముద్రతీరాన్ని రెండున్నర గంటలపాటు చూసి వచ్చాను. పాత పట్నమైన వన్‌టౌన్‌లో పుట్టి, పోర్టులో ముప్ఫై నాలుగేళ్లు ఉద్యోగం చేసి, ఇప్పుడు మహారాణిపేటలో విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ ఊరిని మరొకరు చూపించడమేమిటని మొదట నవ్వొచ్చిన మాట నిజం. పెళ్లికని హైదరాబాద్ నుంచి వచ్చిన మా అక్క మనవరాలు "తాతయ్యా, నీకు తెలిసిందెంతో వాళ్లకు తెలిసిందెంతో చూద్దాం రా" అని ఫోనులోనే నా పేరు కూడా నమోదు చేసేసింది. యాత్ర బాగుంది, నిర్వాహకుల శ్రద్ధను తక్కువ చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అయితే ఊరు ఎక్కడ పుట్టిందో ఆ చోటును పూర్తిగా వదిలేసి ఊరిని చూపించారన్న అసంతృప్తి మాత్రం ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. పర్యాటక శాఖ, నగరపాలక సంస్థ, పోలీసు శాఖ ఈ విషయాన్ని గమనించాలన్న కోరికతో ఇది మీ పత్రికకు పంపుతున్నాను.

సాయంత్రం అయిదు గంటలకు ఆర్కే బీచ్‌లోని కాళీమాత గుడి ఎదుట పదకొండు మందిమి చేరాము. గేర్లున్న సైకిళ్లు, హెల్మెట్లు, వెలుతురు పడితే మెరిసే జాకెట్లు అన్నీ సిద్ధంగా ఉంచారు. ఎవరి ఎత్తుకు తగ్గట్టు వారికి సీటు సరిచేసి, బ్రేకులు నొక్కి చూపించి, చక్రాల్లో గాలిని బొటనవేలితో అదిమి చూసి, వెనుక ఎర్రదీపం వెలుగుతోందో లేదో ఒక్కొక్కటీ పరీక్షించి మరీ బయలుదేరదీశారు. నా చిన్నతనంలో పూర్ణా మార్కెట్ దగ్గర గంటకు పావలా ఇచ్చి అద్దె సైకిల్ తీసుకునే రోజుల్లో షాపు యజమాని చేసే పరీక్ష ఒక్కటే ఉండేది, మా నాన్నగారి పేరేమిటని అడగడం. ఇప్పుడు గైడు ముందు, అతని సహాయకుడు చివర, మధ్యలో మేము వరుసగా సాగాము. దక్షిణంగా కోస్టల్ బ్యాటరీ దాకా వెళ్లి, వెనక్కి తిరిగి విక్టరీ ఎట్ సీ స్మారకం, కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల, వుడా పార్కు, లాసన్స్ బే, అప్పుఘర్ దాటి తెన్నేటి పార్కు వరకు వెళ్లాము. ఆ రోజు గాలి దక్షిణం నుంచి వీస్తుండటంతో వెళ్లేటప్పుడు కాళ్లకు శ్రమ తెలియలేదు గానీ, తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై అందరిచేతా చిన్న గేర్లు వేయించింది. రోజూ సైకిల్ తొక్కేవారికి ఇది చెప్పనక్కర్లేదు. కొత్తవారికి మాత్రం సగం శక్తి దాచుకోమని ముందే చెప్పి ఉంటే బాగుండేది.

సాయంత్రపు యాత్ర అనగానే చాలామంది సముద్రంలో సూర్యాస్తమయం చూపిస్తారని అనుకుంటారు. మనది తూర్పు తీరం కాబట్టి సూర్యుడు మన వీపు వెనుక సింహాచలం కొండల వైపు దిగిపోతాడు. నీళ్ల మీద ఎర్రటి వెలుగు కోసం వచ్చినవారు నిరాశపడటం నేనే చాలాసార్లు చూశాను. మన తీరం సాయంత్రం ఇచ్చేది వేరు. కైలాసగిరి కొండ పాదం దగ్గర రోడ్డు ఎత్తెక్కి తెన్నేటి పార్కు చేరేసరికి ఆరు దాటింది. ఎదుట సముద్రానికీ ఆకాశానికీ తేడా తెలియని బూడిదరంగు, అందులోంచి మొదట నారింజ రంగు అంచు, తరువాత పూర్తి గుండ్రంగా చంద్రుడు నీళ్లలోంచి లేచాడు. రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకుని కాచుకున్న ఓడల దీపాలు అదే సమయానికి ఒక్కొక్కటే వెలిగాయి. దక్షిణాన యారాడ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు తిరగడం మొదలైంది. మాలో అందరూ ఫోను తీయడం మరచిపోయారని అబద్ధం చెప్పను, అందరూ తీశారు. అయినా రెండు మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. నెలనెలా పౌర్ణమికీ ఆ మరునాటికీ ప్రత్యేక యాత్ర పెట్టి, చంద్రోదయ వేళను బట్టి బయలుదేరే సమయం నిర్ణయిస్తే, పడమటి తీరపు ఊళ్లు ఇవ్వలేనిది మనం ఇచ్చినట్టవుతుంది. ఏడాది పొడవునా అయిదింటికే అనే ఇప్పటి పద్ధతి మార్గశిరంలో బీచ్ రోడ్డు దాటకముందే చీకటిలో పడేస్తుంది, వైశాఖంలో ఎండలో మాడుస్తుంది.

ఇక గైడు చెప్పిన విషయాల సంగతి. కురుసుర ముందు ఆగినప్పుడు, 1971 యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచింది ఇదేనని ఆ యువకుడు ఎంతో గర్వంగా చెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఘాజీ ఆ డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ మన రేవు ముఖానికి దగ్గరలోనే మునిగిన మాట నిజం. దాన్ని ముంచింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక వదిలిన డెప్త్ ఛార్జీలని, అంటే నీటి లోతులో పేలే బాంబులని, మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వల్లనో, తాను నీటిలో పరిచిన మందుపాతర (మైను) తనకే తగిలో మునిగిందని పాకిస్తాన్ వాదిస్తుంది. ఎవరి మాట తీసుకున్నా కురుసురకు అందులో ప్రమేయం లేదు. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001లో విధులు విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఆ తొంభై ఒక్క మీటర్ల జలాంతర్గామిని సముద్రంలోంచి ఇసుక మీదికి ఎలా లాగి నిలబెట్టారన్నదే వినదగిన కథ, లేనిది తగిలించాల్సిన అవసరమే లేదు. నేను ఆ యువకుణ్ణి తప్పుపట్టను. రెండు రోజుల శిక్షణతో, ఎవరో రాసిచ్చిన కాగితం బట్టీపట్టించి పంపితే అతను మాత్రం ఏంచేస్తాడు?

పైగా పదకొండు మందిలో తొమ్మిది మందిమి తెలుగువాళ్లమే అయినా వివరణ అంతా ఇంగ్లీషులో, మధ్యమధ్య హిందీలో సాగింది. దారిలో మురీ మిక్చర్ బండి దగ్గర ఆగినప్పుడు, కాగితం పొట్లాలు చేతికి వచ్చాక, అతను అలవాటుగా తెలుగులోకి దిగి, వాళ్ల ముత్తాత సింధియా షిప్‌యార్డులో రివెట్లు కొట్టేవాడని, 1948 మార్చిలో నెహ్రూ వచ్చి 'జల ఉష' ఓడను నీళ్లలోకి వదిలిన రోజు ఆయన కొత్త పంచె కట్టుకుని వెళ్లాడని వాళ్ల ఇంట్లో చెప్పుకుంటారని చెప్పాడు. ఆ సాయంత్రం మొత్తంలో నాకు గుర్తుండిపోయిన మాట అదే. ఉల్లిపాయ ముక్కలు నములుతూ అంత చక్కగా చెప్పగలిగినవాడి చేత సైకిల్ ఎక్కగానే పరాయి భాషలో పాఠం అప్పజెప్పించడం ఎందుకో నాకు బోధపడలేదు. బయటి రాష్ట్రాలవారికి, విదేశీయులకు వారికి తెలిసిన భాషలో చెప్పాల్సిందే. తెలుగువారికి తెలుగు యాత్ర వేరే రోజున పెట్టడానికి ఖర్చేమీ పెరగదు.

అసలు విషయానికి వస్తాను. కోస్టల్ బ్యాటరీ దగ్గర వెనక్కి తిరగకుండా, అలాగే మరికొన్ని నిమిషాలు తొక్కితే పాత పట్నం వస్తుంది. యాత్రలో దాని పేరైనా వినపడలేదు. కోట ఏనాడో పోయినా కోటవీధి అన్న పేరు మిగిలిన చోటు అది. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కబోమని 1780 అక్టోబరు 3న తిరగబడింది అక్కడే. పాఠ్యపుస్తకాలు చెప్పే 1857కు అది 77 ఏళ్ల ముందు మాట. ఆ తిరుగుబాటు నాయకుడు సుబేదారు షేక్ అహ్మద్ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆ వీధుల్లోనే విక్టోరియా రాణి విగ్రహం, టౌన్‌హాలు, అగరు, కర్పూరం, ఎండుమిరప వాసనలు కలగలిసిన కురుపాం మార్కెట్ ఉన్నాయి. కారులో వెళ్తే ఇరుకు, నడిస్తే దూరం. సైకిల్‌కే ఆ సందులు సరిగ్గా సరిపోతాయి.

అక్కడి నుంచి మూడు కొండలు పక్కపక్కన కనిపిస్తాయి, ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. సందెవేళ మూడింటి దీపాలూ వెలిగాక, కింద రేవు ప్రవేశ కాలువలోంచి, ఓడలను లాగే చిన్న నౌకలైన టగ్గుల సాయంతో ఓడ లోపలికి రావడం చూడాలి. కొండకూ ఓడకూ మధ్య ఖాళీ ఎంత తక్కువో చూసి, పోర్టులో చేరిన కొత్తల్లో నేనే ఊపిరి బిగపట్టేవాణ్ణి. ఆ రేవుకు మొదటి ఓడ 'జలదుర్గ' 1933 అక్టోబరు 7న వచ్చిందని, అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడని, అలల తాకిడిని, ఇసుక మేటను ఆపడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచి అడ్డుకట్టగా వాడారని చెబితే, బీచ్‌లో సెల్ఫీ తీసుకున్న యువతకు ఈ ఊరు ఎందుకు ఇంతదయిందో అర్థమవుతుంది. అంతకుముందు చిన్న పట్నంగా ఉన్న ఈ ఊరు, రాయపూర్ రైలుమార్గం 1931లో పూర్తయి లోపలి ప్రాంతాల మాంగనీసు ఖనిజం రేవుకు చేరే దారి ఏర్పడ్డాకనే నగరంగా ఎదిగింది. జపాన్ విమానాలు 1942 ఏప్రిల్ 6న బాంబులు వేసింది కూడా ఈ రేవు కోసమే. యాత్ర చివర చేపల రేవు దగ్గర ఆగితే, మరుసటి వేటకు బోట్లలోకి మంచుగడ్డలు ఎక్కించే హడావుడి కనిపిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధ కాలంలో అయితే బోట్లన్నీ పక్కపక్కన ఒరుసుకుంటూ కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకునేవారు మాట్లాడటానికి తీరికగా ఉంటారు.

పాత పట్నంలో రోడ్లు బాగాలేవు, మురుగు వాసన వస్తుంది, పర్యాటకులకు అది చూపించలేం అని నిర్వాహకులు నాతో అన్నారు. వాసన వస్తుందన్నది నేను కాదనను, అక్కడే పెరిగాను. చూడటానికి మనుషులు వస్తేనే కాలువల మీద పలకలు పడతాయి, వీధి దీపాలు వెలుగుతాయి అన్నది కూడా బీచ్ రోడ్డు విషయంలో మనం చూసిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి చెట్లన్నీ నేలకూల్చిన తీరం, పర్యాటకుల కోసమైనా ఎంత త్వరగా తేరుకుందో అందరికీ తెలుసు.

భద్రత సంగతి కూడా చెప్పాలి. తిరిగి వస్తూ లాసన్స్ బే దగ్గర రోడ్డు ఎడమ అంచున వరుసగా కార్లు ఆపి ఉండటంతో మేము మధ్యలోకి జరగాల్సి వచ్చింది. అదే క్షణంలో ఒక కారు తలుపు తటాలున తెరుచుకుంది, మా ముందున్న అమ్మాయి తప్పించుకోబోయి పడింది. మోచేయి గీసుకుపోయింది తప్ప పెద్ద దెబ్బ తగల్లేదు, వెనుక బస్సు నెమ్మదిగా వస్తుండటం అదృష్టం. సైకిళ్ల కోసమని రోడ్డు మీద రంగుగీత గీసి ఊరుకుంటే చాలదు, ఆ గీత లోపల బండి ఆపినవారికి జరిమానా పడాలి. తెల్లవారుజామున నడిచేవారి కోసం బీచ్ రోడ్డుపై వాహనాలను ఆపుతున్న నగరమిది. అదే ఏర్పాటును వారానికి ఒక సాయంత్రం, ఉదాహరణకు మంగళవారమో బుధవారమో, కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ కూడలి వరకు రెండు గంటలు అమలు చేయడం అసాధ్యం కాదు. ఆదివారం కోరడం లేదు, ఆ రోజు బండ్లవారి బేరాలకు దెబ్బ తగులుతుంది. చీర కట్టుకున్నవారు, చిన్నపిల్లలు తొక్కగల సైకిళ్లు నాలుగైదు ఉంచాలని కూడా నిర్వాహకులను కోరుతున్నాను. ఆ రోజు మా అక్క అందుకే గుడి మెట్ల మీద కూర్చుండిపోయింది.

గైడులకు శిక్షణ ఇవ్వడానికి మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర విభాగం ఉంది, ఆ విద్యార్థులకే ఈ పని అప్పగించినా సాయంత్రం పూట కొంత సంపాదన ఉంటుంది. రేవు గురించి, పాత వీధుల గురించి చెప్పడానికి నాతోపాటు పోర్టులో రిటైరైన మిత్రులు ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. మాకు పారితోషికం అక్కర్లేదు, గైడులను వెంటబెట్టుకుని ఒకటి రెండు సాయంత్రాలు కోటవీధి నుంచి చేపల రేవు దాకా తిప్పి చూపిస్తాము. సైకిళ్లు మాత్రం వారే తెచ్చుకోవాలి, మావి నలుగురివీ కలిపితే నడిచేది ఒక్కటే ఉంది.

భవదీయుడు,
పోర్టు విశ్రాంత ఉద్యోగి,
మహారాణిపేట, విశాఖపట్నం