సెకండాఫ్ ఎప్పుడు రాస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మన క్రైమ్ థ్రిల్లర్ల మీద వచ్చే సమీక్షల్లో ‘పాయింట్ కొత్తగా ఉంది, కథనం తడబడింది’ అన్న మాట తరచూ చదువుతున్నాం. ఈ తరహా సినిమాలను ఎంతో ఇష్టంగా చూసే ప్రేక్షకురాలిని కాబట్టి, ఆ తడబాటు గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

చాలావరకు అది ఇంటర్వెల్ తర్వాతే మొదలవుతుంది. మొదటి పది నిమిషాల్లో శవం దొరుకుతుంది. ఒంటి మీద ఎవరికీ అర్థం కాని గుర్తు. అదే పద్ధతిలో ఇంకో హత్య. ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. పోలీసాఫీసరు గోడ నిండా ఫొటోలు అంటించి, వాటి మధ్య ఎర్ర దారాలు కడతాడు. తీరా చూస్తే ఆ దారాల్లో ఒక్కటీ హంతకుడి దాకా వెళ్లదు. ఎవరో ఫోన్ చేసి ఒక పేరు చెబుతారు. ఆ మనిషిని అప్పటిదాకా తెర మీద చూసి కూడా ఉండం. ఇక అతని బాల్యం మీద పొడుగాటి ఫ్లాష్‌బ్యాక్, ఒక ఫైటు, అంతే. గంటన్నరసేపు మనం పట్టుకున్న అనుమానాలన్నీ గాల్లో కలిసిపోతాయి.

నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది డిటెక్టివ్ కథల కోసం ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో రాసిన పది నియమాల్లో మొదటిది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌తో పాటు తామూ అనుమానిస్తూ, లెక్కలు కట్టుకుంటూ చదివిన తెలుగు పాఠకులకు ఈ ఆట కొత్త కాదు. ఆధారాలు మన కళ్ల ముందే ఉండాలి. మనం పట్టుకోలేకపోతే అది రచయిత గెలుపు. అసలు చూపించకుండా దాచేస్తే అందులో గెలుపేముంది?

ట్విస్ట్ లేకపోతే థ్రిల్లర్ ఆడదన్న భయం కూడా దీనికి ఒక కారణమనుకుంటాను. బల్ల కింద బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ముందే తెలిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్ అన్నాడు థ్రిల్లర్లకు పేరుపొందిన దర్శకుడు హిచ్‌కాక్. 2014లో తెలుగులో వచ్చిన ‘దృశ్యం’లో చంపింది ఎవరో మనకు మొదటే తెలుసు. అయినా టెన్షన్ ఎక్కడా తగ్గదు. హీరోకి సినిమాల పిచ్చి అని మొదట్లో తీరిగ్గా చూపించిన విషయమే తర్వాత అతని తెలివికి ఆధారం అవుతుంది. బస్సు టికెట్లు, హోటల్ బిల్లులు లాంటి మామూలు వస్తువులే కథను నడిపిస్తాయి. ఫస్టాఫ్ నెమ్మదిగా ఉందనుకున్నవాళ్లకు కూడా అది ఎందుకలా ఉందో సెకండాఫ్‌లో తెలిసిపోతుంది. దీన్నే నేను కథనం అంటాను.

క్లైమాక్స్ సంగతి మరీ బాధ కలిగిస్తుంది. విచారణ గదిలో రెండు దెబ్బలు పడగానే హంతకుడు పూసగుచ్చినట్టు అంతా చెప్పేస్తాడు, కేసు ముగిసిపోతుంది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడిపై రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ 23వ సెక్షన్‌గా ఆ మాట ఉంది. రుజువులు సేకరించడమే దర్యాప్తులో అసలు కష్టం. కథకు కావలసిన ఉత్కంఠ అంతా అక్కడే ఉంటే, దాన్ని వదిలేసి లాఠీతో పని కానిచ్చేస్తున్నారు. పైగా కొడితే నిజం బయటికొస్తుందన్న నమ్మకం జనంలో బలపడుతోంది. ఇది ఒక్క సినిమాతో పోయే నష్టం కాదు.

‘లైన్ వినగానే ఓకే చేశాను’ అని హీరోలు ప్రచార సభల్లో గర్వంగా చెబుతుంటారు. లైన్ చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. హంతకుడి నుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, ప్రతి సీన్‌లో ఏం చూపాలో, ఏం దాచాలో తేల్చుకోవడానికి నెలలు పడుతుంది. నిర్మాతలు ఆ నెలలకు రచయితలకు డబ్బు ఇవ్వాలి. డేట్లు దొరికాయి కదా అని సగం స్క్రిప్టుతో షూటింగ్‌కి వెళ్లకూడదు. సెకండాఫ్‌ను కథ తెలియని నలుగురికి వినిపించి, వాళ్లడిగే ప్రశ్నలకు కాగితం మీదే జవాబు రాసుకోవాలి. షూటింగ్ అయ్యాక దొరికిన లోపాన్ని రీరికార్డింగ్ హోరుతో కప్పడం ఎవరివల్లా కాదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. కొత్త పాయింట్ అన్న ఒక్క కారణంతో మార్కులు వేయకండి. హంతకుడెవరో బయటపెట్టకుండానే, దర్యాప్తు ఏ ఆధారం మీద నడిచిందో, ఆ ఆధారం ప్రేక్షకుడికి ముందుగా చూపారో లేదో ప్రతి థ్రిల్లర్ సమీక్షలో రెండు వాక్యాలైనా రాయండి.

– ఒక పాఠకురాలు