దామలచెరువు మెకానిక్ అన్నకు కృతజ్ఞతలు
వేలూరు ఆసుపత్రిలో చూపించవలసిన నాన్నగారిని బండి వెనుక కూర్చోబెట్టుకుని, కాట్పాడి వైపు వెళ్లే రైలు కోసం గత జూన్‌లో ఒక తెల్లవారుజామున పీలేరు నుంచి పాకాల జంక్షన్‌కు బయలుదేరాను. పీలేరులోనూ స్టేషను ఉంది గానీ, ఆ వేళకు మాకు పనికివచ్చే రైలు లేదు. ధర్మవరం మార్గం వచ్చి తిరుపతి–కాట్పాడి మార్గంలో కలిసే పాకాలే, మీటర్ గేజ్ రోజుల నుంచీ మా వైపు వారికి దిక్కు. దామలచెరువు మామిడి మండీలు దాటుతుండగా బండి చైన్ రెండు కొసలనూ కలిపి పట్టే లాక్ ఊడి ఎక్కడో పడిపోయింది.

షట్టరు సగం ఎత్తి పళ్లు తోముకుంటున్న మెకానిక్ ఒకరు మమ్మల్ని చూశారు. కొట్టులో ఆ కొలత లాక్ దొరకకపోయేసరికి, మారు మాట లేకుండా తన సొంత బండి పక్కన గొంతుకూర్చుని, దాని చైన్ లాక్‌ను ఊడదీసి, మట్టి పోయేలా పెట్రోలు గుడ్డతో తుడిచి మా చైన్‌కు బిగించారు. ఈలోగా నాన్నగారికి తన స్టూలు వేసి టీ తెప్పించారు. డబ్బు ఇవ్వబోతే, "రైలు పోతాది, ముందు బయల్దేరన్నా" అన్నారు.

రైలు అందింది. అన్నా, తిరుగు ప్రయాణంలో కొత్త లాక్ తెచ్చాను. మీ షట్టరు వేసి ఉండడంతో పక్క టీ కొట్టులో ఇచ్చాను. అందిందనుకుంటాను.