సత్యం, 108, రెండు శాతం

ప్రియమైన మిత్రమా,

నిన్ను మీ కంపెనీలో సామాజిక బాధ్యత విభాగానికి మార్చారని తెలిసి చాలా సంతోషించాను. బడులకు బెంచీలు, ఊళ్లకు మంచినీటి ప్లాంట్లు ఇచ్చినంత మాత్రాన కంపెనీ సమాజం రుణం తీర్చుకున్నట్టేనా అని అడిగావు. ఆ మాట చదవగానే నాకు హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ గుర్తుకు వచ్చింది.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవను ప్రారంభించిన సంస్థను నెలకొల్పినది సత్యం ఛైర్మన్ రామలింగరాజు గారే. నొప్పులు మొదలైన తల్లిని దొరికిన బండిలో ఎక్కించుకుని ఆస్పత్రికి పరుగెత్తే పల్లెల్లో, ఒక్క ఉచిత ఫోన్ కాల్‌తో స్ట్రెచరు, ఆక్సిజను, శిక్షణ పొందిన మనిషి గుమ్మం ముందుకు రావడం ఎంత పెద్ద మేలో నీకు వేరే చెప్పనక్కరలేదు. ఆ మేలును నేను ఎన్నడూ తక్కువ చేయను. అయితే 2009 జనవరి 7న బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. ఒక్క రోజులో షేరు విలువ ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. ఆ పుస్తకాలను నమ్మి పొదుపు సొమ్ము పెట్టిన చిన్న మదుపరులు మునిగిపోయారు. సుమారు యాభై వేల మంది ఉద్యోగులు వచ్చే నెల జీతం అందుతుందా అని బెంగపడ్డారు. ప్రభుత్వం కొత్త బోర్డును వేసి, ఏప్రిల్‌లో మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వచ్చాకే కంపెనీ నిలదొక్కుకుంది. 108 సేవ జీవీకే అనే మరో సంస్థ నిర్వహణలో కొనసాగింది.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్‌ను అందరూ వల్లిస్తారు: నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు చేయాలి. డైరెక్టర్లు వాటాదారులతో పాటు ఉద్యోగుల, సమాజ ప్రయోజనాలనూ, పర్యావరణ రక్షణనూ దృష్టిలో ఉంచుకోవాలనే 166వ సెక్షన్ మాత్రం ఎవరి నోటా వినిపించదు. నా దృష్టిలో అసలు బాధ్యత అక్కడే ఉంది. రెండు శాతం ఎక్కడ ఇచ్చారన్న దానికన్నా, ఆ లాభం మొత్తం ఎలా వచ్చిందన్నదే ముందుగా అడగవలసిన ప్రశ్న.

కాబట్టి ఈ ఏడాది బడుల జాబితా తయారు చేసే ముందు, మీకు సరుకు ఇచ్చే చిన్న పరిశ్రమల బాకీల పట్టిక ఒకసారి తెప్పించుకో. 2006 నాటి చట్టం ప్రకారం వారికి 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఎన్ని బిల్లులు ఆ గడువు దాటాయో చూసి, దాని గురించి పైవారితో మాట్లాడి, ఏమన్నారో నాకు తప్పక రాయి.

నీ మిత్రుడు