మా అల్లుడి వాచీ గురించి ఐదోసారి రాస్తున్నా, ఈసారైనా ఎవరో ఒక మనిషి చదవండి

కస్టమర్ కేర్ వారికి, వాళ్ళ పైవాళ్ళకి, ఆ పైన ఇంకెవరైనా ఉంటే వాళ్ళకీ,

నమస్కారమండి. ఇంతకుముందు నాలుగు మెయిళ్ళు మా అమ్మాయి చేత ఇంగ్లీషులో రాయించాను, నాలుగింటికీ అక్షరం తేడా లేకుండా ఒకటే జవాబు, "డియర్ వాల్యూడ్ కస్టమర్" అంటూ. అందుకే ఇది తెలుగులో రాస్తున్నా. చదవడం రాకపోతే వచ్చినవాళ్ళని పెట్టుకోండి, లాభాలకి లోటేం లేదు కదా మీకు. మాది పర్లాకిమిడి, గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు. మాట్లాడే భాషే రాయాలని ఆయన ఊరూరా పోట్లాడారు, కాబట్టి నేనూ మాట్లాడినట్టే రాస్తాను. మధ్యలో మాట తూలితే దానికి కారణం మీ హోల్డ్ మ్యూజిక్కే.

మోడలేంటి, సీరియల్ నంబరేంటి అని మాత్రం మళ్ళీ మొదలెట్టకండి. వాచీ నాలుగు నెలల్నించి మీ దగ్గరే ఉంది, వెనక్కి తిప్పి చూసుకోండి.

పోయిన మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి చేశాను. అల్లుడిది బరంపురం. అల్లుడి చేతికి వాచీ పెట్టడం మాలో ఆనవాయితీ, మా నాన్నకి ఆయన మావగారు హెచ్ఎంటీ జనతా పెట్టారు, నాకు మా మావగారు మీ కంపెనీ వాచీనే పెట్టారు, 25 ఏళ్ళు చూసుకున్నాం మురిసిపోయాం, మా ఆవిడకీ మీదే కొన్నాను, అంటే ఇది మీ దగ్గర మాకు మూడోది. ఈ మాట ఫోన్లో చెప్తే ఆ అమ్మాయి "నోటెడ్ సర్" అంది. ఎక్కడ నోట్ చేసిందో ఆ సింహాచలం అప్పన్నకే తెలియాలి.

విశాఖపట్నం షోరూంలో 2,85,000 చెప్పినప్పుడు, అంత ధర ఏటి బాబూ ఇందులో, అని నేనే అడిగాను. నాది బట్టల కొట్టు, ధర అడగడం నాకు సిగ్గేం కాదు. ఆ కుర్రాడు కాఫీ తెప్పించి ముప్పావుగంట చెప్పాడు. లోపల బ్యాలెన్స్ వీల్ అని ఒక చక్రం సెకనుకి 8 సార్లు కొట్టుకుంటుందట, గంటకి 28,800, రాత్రీ పగలూ ఆగకుండా. దాన్ని ఆడించేది వెంట్రుక లాంటి స్ప్రింగు. అద్దం సఫైరు, వజ్రం తప్ప మామూలువేవీ గీత పెట్టలేవు. ఎవరికీ కనపడని లోపలి రేకుల అంచులు కూడా మనిషి చేత్తో మెరుగు పెడతాడట. అది నాకు బాగా నచ్చింది. మా ఊళ్ళో కొమ్ము పనివాళ్ళున్నారు, కొమ్ముతో కొంగల్నీ రొయ్యల్నీ చేస్తారు, వాళ్ళు నునుపు పెట్టేటప్పుడు పక్కన కూర్చుంటే తెలుస్తుంది చేతిపనికి ఎంత సేపు పడుతుందో, ఆ సేపుకి ధర కట్టడం ఎంత కష్టమో. తర్వాత టైము కరెక్టుగా చూపిస్తుందని ఇచ్చే సర్టిఫికెట్ చూపించాడు. 15 రోజులు, ఐదు రకాలుగా తిప్పి పెట్టి, మూడు రకాల వేడిలో పరీక్ష చేస్తారట, రోజుకి 4 సెకన్ల వెనకా 6 సెకన్ల ముందూ దాటకూడదట.

నేనూ తక్కువ తిన్లేదు. 500 రూపాయల బ్యాటరీ వాచీ అంతకంటే కరెక్టుగా నడుస్తుంది కదా బాబూ అన్నాను. అతను నవ్వి, నిజమేనండి, దాంట్లో ఉండే క్వార్ట్జ్ అనే రాయి సెకనుకి 32,768 సార్లు కొట్టుకుంటుంది, దాంతో మేం పోటీ పడలేం, 1969లో జపాను వాళ్ళు క్వార్ట్జ్ వాచీ తెచ్చాక స్విట్జర్లాండులో ఎన్నో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, మీరు కొనేది టైము కాదు సార్, రేపు మీ అల్లుడు దీన్ని మీ మనవడికి ఇస్తే అప్పుడు కూడా మా కంపెనీ విప్పి బాగుచేసి ఇస్తుంది, డబ్బు దానికి, అన్నాడు.

నేను కార్డు గీకింది ఆ ఒక్క మాటకి.

మనవడిదాకా ఎందుకండీ, ఆరు నెలలకే వచ్చింది ముహూర్తం. శ్రావణంలో వాచీ రోజుకి ఏడెనిమిది నిమిషాలు ముందుకి పరిగెత్తడం మొదలెట్టింది. అల్లుడు మంచివాడు, ఆఫీసుకి బేగి వెళ్తున్నాను మావయ్యా అని నవ్వేశాడు. నాకే తల కొట్టేసినట్టయింది. తెల్లారగట్ల బస్సెక్కి శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం వెళ్తే అదే షోరూములో ఈసారి కాఫీ లేదు. మేం అమ్మడం వరకేనండి, సర్వీసు వేరే డిపార్టుమెంటు, టోల్‌ఫ్రీకి చెయ్యండి అన్నారు. అమ్మిన కుర్రాడు మానేశాడట.

టోల్‌ఫ్రీ. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు. 22 నిమిషాలు పియానో విన్నాక ఒక బాబు వచ్చి పిన్‌కోడ్ అడిగాడు. 761200 అన్నాను. పర్లాకిమిడి అని కొడితే రావట్లేదు సర్ అన్నాడు, పరలాఖెముండి అని కొట్టమని స్పెల్లింగు నేనే చెప్పాను. అప్పుడు, ఓ, మీరు ఒడిశా కస్టమర్, భువనేశ్వర్ వెళ్ళాలి అన్నాడు. సరేనని రాత్రి బస్సెక్కి వెళ్ళాను, నడుం విరిగిపోయింది. అక్కడి ఆయనతో ఒడియాలోనే మాట్లాడాను, మాకు రెండూ వచ్చు. బిల్లు తిప్పి చూసి, ఇది ఆంధ్రా బిల్లు, ఆంధ్రా జీఎస్టీ, విశాఖపట్నంలోనే ఇవ్వాలి అన్నాడు. వారంటీ కార్డు మీద ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుందని మీరే అచ్చు వేశారు కదా, ప్రపంచంలో భువనేశ్వర్ లేదా నాయనా అన్నాను. సిస్టమ్ తీసుకోదు అన్నాడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా ఊరు ఒడిశాలోకి వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది, ఇప్పుడది ఆంధ్రా. పొద్దున్న అక్కడ కూరగాయలు కొని ఇక్కడ వండుకుంటాం, పిల్లనిస్తాం, పిల్లని తెచ్చుకుంటాం, ఎవరూ మమ్మల్ని సిస్టమ్ తీసుకోదు అనలేదు. ఆ గీత ఇంకా ఉందని నాకు ఒంటికి తెలిసేలా చెప్పింది మీరే.

చివరికి వినాయక చవితి ముందు విశాఖపట్నంలోనే ఒక కౌంటర్లో తీసుకున్నారు, అక్కణ్ణించి ముంబై పంపారట. తర్వాత మీ మెసేజీ వచ్చింది, "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు" అని. వాచీ రాలేదే! ఫోన్ చేస్తే ఆ టికెట్ క్లోజ్ అయింది, కొత్తది రెయిజ్ చేస్తాను అంది ఒకావిడ. అలా నాలుగు టికెట్లు పుట్టాయి, నాలుగూ క్లోజు. ఫోన్ చేసిన ప్రతిసారీ మొదట్నించీ కథ చెప్పాలి, పెళ్ళితో సహా. ఒకడైతే అంతా విని "కంగ్రాచులేషన్స్ సర్" అన్నాడు. సూపర్‌వైజరు 48 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు, అది దసరాకి ముందు మాట. దసరాకి అల్లుడు బోసి చేత్తో వచ్చాడు. భోజనాల దగ్గర మా వియ్యంకుడు గారు అందరి ముందూ, "ఏం బావగారూ, వాచీ సర్వీసుకెళ్ళిందా, సన్నాసుల్లో కలిసిందా" అన్నారు. సరదాకే అన్నారు లెండి. నాకు పులిహోర ముద్ద గొంతు దిగలేదు.

అసలు విషయం ఇంకా రాలేదు, ఇప్పుడు వినండి. మీకు పంపకముందు మా బజార్లో వాచీలు బాగుచేసే పెద్దాయనకి చూపించాను. మూత కూడా తియ్యలేదు, తీస్తే మీ వారంటీ పోతుందని ఆయనకి నాకంటే బాగా తెలుసు. చిన్న దిక్సూచి తెచ్చి వాచీ పక్కన పెట్టాడు, ముల్లు వణికిపోయింది. దీనికి అయస్కాంతం పట్టిందండి, స్ప్రింగు చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి, స్ప్రింగు పొట్టిదైనట్టే, అందుకే చక్రం తొందరపడుతోంది, అల్లుడు గారు రాత్రిళ్ళు ఎక్కడ పెడతారు అని అడిగాడు. స్పీకరు మీద అని చెప్పాను. నా దగ్గర మిషనుంది, అర నిమిషం పని, యాభై రూపాయలివ్వండి అన్నాడు. నేను, మూర్ఖుణ్ణి, వద్దులే, కంపెనీ వాళ్ళున్నారు కదా, వాళ్ళ చేత్తోనే చేయిద్దాం అన్నాను.

కంపెనీ వాళ్ళు నాలుగు నెలలు పరిశోధించి మొన్న ఎస్టిమేట్ పంపారు. అయస్కాంతం పట్టిందట, అది కస్టమర్ వాడకం వల్లట, వారంటీలో రాదట, ఫుల్ సర్వీసు చెయ్యాలట, 38,400 కట్టాలట. యాభై రూపాయల మనిషి అర నిమిషంలో చెప్పిందే చెప్పారు, తెలివైనవాళ్ళే. కట్టకపోతే వాచీ "ఉన్నది ఉన్నట్టుగా" తిరిగి పంపుతారట, దానికి కొరియర్ చార్జీ వేరే.

మా నాన్న హెచ్ఎంటీ ఇప్పటికీ ఉంది. 1961లో బెంగుళూరులో జపాను సిటిజన్ వాళ్ళ సాయంతో హెచ్ఎంటీ వాళ్ళు వాచీలు మొదలెట్టారు, ఆ వాచీల కంపెనీని 2016లో ప్రభుత్వం మూసేయాలని తేల్చేసింది. కంపెనీ పోయింది, వాచీ నడుస్తోంది, పొద్దున్నే కీ ఇస్తే చాలు, ఆ పెద్దాయనే రెండు మూడేళ్ళకోసారి నూనె వేస్తాడు. మీ కంపెనీ దేదీప్యమానంగా ఉంది, మీ వాచీ కవర్లో పడుంది. స్విస్ మేడ్ అని వెయ్యాలంటే తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడ అవ్వాలట కదా. మిగిలిన 40 ఎక్కడికి పోతుందో నాకర్థమైంది, ఆ పియానో వాయించే ఆయనకి.

నా కొట్లో చీర రంగు దిగితే, తప్పు నాదో నేసినవాడిదో, ఉతికిన మనిషిదో తర్వాత చూసుకుంటాం, ముందు వచ్చినామెని కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాం. 600 రూపాయల చీరకి. నేను అడుగుతున్నదీ అదే అనుకుంటా. డబ్బు గురించి కాదు, అలాగని 38,400 కడతానని కాదు, పైసా కట్టను. అయస్కాంతం తీసేసి పంపండి, లేకపోతే తియ్యకుండానే పంపండి, యాభై రూపాయలు నేనే పెట్టుకుంటా, లేకపోతే కొత్తది ఇవ్వండి, ఏదో ఒకటి, మీకేది న్యాయంగా తోస్తే అది. కానీ ముందు పేరూ ఊరూ ఉన్న మనిషొకరు ఫోన్ చేసి, తప్పైందండీ అనాలి.

అనకపోతే 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైనుకి, ఫోన్ చేస్తాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్న ఊళ్ళోనే కేసు వెయ్యాలని లేదు, నేనుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, మా వీధిలో లాయరు గారు చెప్పారు, ఫీజు కూడా వద్దన్నారు, ఆయనకీ మీ మీద కోపమే. విచారణకి మీ పెద్దలు పర్లాకిమిడి రావాలి, పిన్‌కోడ్ పైన రాశాను. అది కాకుండా మా కొట్టు ముందు బోర్డు పెడతాను, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. పెళ్ళిళ్ళ సీజన్లో రెండు రాష్ట్రాల జనం వస్తారు మా కొట్టుకి, అందరూ అల్లుళ్ళకి వాచీలు కొనేవాళ్ళే.

పెద్ద పండక్కి ఇంక తొమ్మిది రోజులే ఉంది. అల్లుడూ, వియ్యంకుడు గారూ ఇద్దరూ వస్తున్నారు. రాత్రి ఎనిమిది దాటాక చెయ్యండి, అంతవరకూ కొట్లో బేరముంటుంది. చేసినవాళ్ళు నన్ను హోల్డులో పెట్టొద్దు.

ఇట్లు,
మీ వాల్యూడ్ కస్టమర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా

తా.క. దీనికి మళ్ళీ కొత్త టికెట్ ఇవ్వకండి.