చాయ్ బండికి ఒక లెక్క, ఫ్యామిలీ రెస్టారెంట్‌కి ఇంకో లెక్క

సంపాదకుడు గారికి నమస్కారం.

మన వరంగల్, హన్మకొండ, కాజీపేటల చాయ్ బండి కాడికి పోయినా పెద్ద బిర్యానీ హోటల్‌కి పోయినా అదే క్యూఆర్ స్టిక్కర్, పైసలు పడ్డయని చెప్పే అదే మాట్లాడే డబ్బా (సౌండ్ బాక్స్). నేను చిన్న హోటళ్లకు, బేకరీలకు లెక్కలు రాస్త, అందుకే ఈ సంగతి రోజూ కండ్ల ముందట కనిపిస్తది. నీ గిరాకీ ఎట్లుంటది, నీకు పైసలు ఏ టైంకి చేతికి రావాలె అని అడిగేటోడే లేడు, ఏ కంపెనీ మనిషి ముందొస్తే వాడు తన టార్గెట్ కోసం ఒక మిషన్ అంటగట్టి పోతడు, నెలనెలా అద్దె మాత్రం ఓనర్ ఖాతాల నుంచి కట్ అయితనే ఉంటది.

పది పదిహేను రూపాయల చాయ్ అమ్మేటోనికి కార్డ్ మిషన్ ఎందుకు చెప్పండి. 2020 జనవరి నుంచి బ్యాంక్ ఖాతాల నుంచి వచ్చే యూపీఐ పైసలకు దుకాణపోళ్ల దగ్గర చార్జీ తీసుకునుడు లేదు, వానికి ఒక స్టిక్కర్, ఒక సౌండ్ బాక్స్ చాలు. బాక్స్ ఎందుకంటే ఉత్తుత్తి స్క్రీన్ షాట్ చూపించి పోయేటోళ్లు ఉన్నరు, రద్దీల ఎవరి ఫోన్ అని చూస్తడు పాపం. అయితే పైసలు వెంటనే ఖాతాల పడ్తయా తెల్లారి పడ్తయా అన్నది ముందే అడగాలె, ఎందుకంటే పాలోడు తెల్లారుజామునే నగదు అడుగుతడు.

టిఫిన్ సెంటర్ల కథ వేరే. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఒకటే తోపులాట, అక్కడ ముందు పైసలు కట్టి టోకెన్ తీసుకునే కౌంటర్ ఉంటేనే పని సాగుతది. గిరాకులు కూడ చిన్న చెల్లింపుల కోసం ఉండే యూపీఐ లైట్ వాడితే పిన్ కొట్టే పని ఉండదు, లైన్ జల్ది కదుల్తది. స్టూడెంట్లు తినే మెస్‌లల్ల అయితే నెలకు ఒక్కసారి కట్టించుకుంటే సరిపోతది, పూటపూటకు స్కాన్ చేసుడు ఎందుకు.

ఫ్యామిలీ రెస్టారెంట్‌కి మాత్రం కార్డ్ మిషన్ కావాల్సిందే, అది కూడ టేబుల్ కాడికి తెచ్చేది కావాలె, కార్డ్ లోపలికి పట్టుకపోవుడు మంచిది కాదు, పిన్ గిరాకీ తన చేత్తోనే కొట్టుకోవాలె. టేబుల్ మీద స్టిక్కర్ అంటిస్తే ఒకరు 840 కొడ్తరు ఒకరు 480 కొడ్తరు, రాత్రి గల్లా లెక్క కుదరక లొల్లి అయితది, అదే బిల్లు మీద అమౌంట్‌తోని ప్రింట్ అయ్యే క్యూఆర్ ఉంటే ఆ బాధ ఉండదు. ఇంకోటి, యూపీఐ అంటే అంతా ఫ్రీ అనుకుంటున్నరు, రూపే క్రెడిట్ కార్డ్ యూపీఐకి లింక్ చేసి 2,000 దాటి కడితే ఓనర్‌కి చార్జీ పడ్తది, పెద్ద బిల్లులు అయ్యే కాడ ఇది తెల్వకపోతే నెలాఖరుకు పైసలు ఎటు పోయినయో అర్థం కాదు.

ఇగ జీఎస్టీ భయం. 2025 జులైల బెంగళూరుల యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణాలకు నోటీసులు ఇచ్చిన తర్వాత అక్కడ కొందరు యూపీఐ లేదు అని బోర్డులు పెట్టిన్రు, ఇక్కడ కూడ నన్ను స్టిక్కర్ పీకెయ్యాల్నా అని అడుగుతున్నరు. పీకితే ఏం లాభం లేదు, హోటల్‌కి ఏడాదికి 20 లక్షల అమ్మకం దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలె, ఆ లెక్కల నగదు కూడ కలిసే ఉంటది, 20 లక్షలంటే రోజుకు సుమారు ఐదున్నర వేలు, నడిచే టిఫిన్ సెంటర్ అది ఎప్పుడో దాటుతది. ముందు చెయ్యాల్సింది దుకాణం ఖాతా వేరే, ఇంటి ఖాతా వేరే పెట్టుకునుడు, బామ్మర్ది అప్పు తిరిగిచ్చిన పైసలు కూడ అదే క్యూఆర్‌ల పడితే రేపు అది అమ్మకం కాదని రుజువు చేసుకోవాల్సిన తిప్పలు ఓనర్‌కే.

అట్లని నగదు వద్దు అనుడు కూడ తప్పే. 2025 ఏప్రిల్ 12 నాడు దేశంల చాలా చోట్ల యూపీఐ ఆగింది గద, మేడారం జాతరల లక్షల మంది చేరితే సిగ్నల్ సంగతి అందరికి తెలిసిందే, ఎంజీఎం దవాఖాన ముందట బన్ను కొనుక్కునే ముసలామె దగ్గర ఫోనే ఉండదు. పది రూపాయల బిళ్ల చెల్లదనేటోళ్లు ఇప్పటికి ఉన్నరు, అది చెల్లుతదని రిజర్వ్ బ్యాంక్ ఎన్నిసార్లు చెప్పినా వినరు.

నేను అడిగేది ఏందంటే, వీధి వ్యాపారులకు పీఎం స్వనిధి లోన్లు చూసే మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ), గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్, బ్యాంకులు కలిసి డివిజన్ల వారీగ క్యాంపులు పెట్టాలె, ఏ దుకాణానికి ఏది సరిపోతదో, అద్దె ఎంతో, చార్జీ ఎంతో, మిషన్ వాపస్ ఇస్తే అద్దె ఎట్ల ఆగుతదో తెలుగుల కాగితం మీద రాసి ఇయ్యాలె. ఆ క్యాంపులు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు పెట్టాలె, పొద్దున పెడితే టిఫిన్ సెంటర్లోళ్లు ఒక్కరు కూడ రాలేరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హన్మకొండ