మత్తు మందు కోసం ఆగిన ఆ 50 నిమిషాలు

అందరికీ నమస్కారం అండి. పోయిన వారం రాత్రి గేదె ఆపరేషన్ గురించి ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటున్నారు. పదహారేళ్లుగా పశువుల డాక్టరుగా నన్ను నమ్మి పశువుల్ని తోలుకొస్తున్న మీకు జరిగింది నేనే చెప్పాలి.

తొలిచూలు ముర్రా జాతి పడ్డ, గర్భసంచి మెలిపడింది, డొక్క మీద చెక్క వేసి మూడుసార్లు దొర్లించినా మెలి వీడలేదు, ఇంక సిజేరియనే. తీరా చూస్తే అరలో కోసే చోట తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ 30 ఎం.ఎల్. బాటిల్ ఒక్కటే ఉంది. అంత గేదెకి కోత పెట్టే చోట చర్మం, కండ, లోపలి పొర దాకా తిమ్మిరెక్కాలంటే 100 ఎం.ఎల్. దాకా పడుతుంది. 20 బాటిళ్లకి డబ్బు ముందే కట్టాను అండి, మా సప్లయరు 4 పంపి మిగతావి రేపు బస్సుకి వేస్తానన్నాడు, ఆ రేపు పన్నెండు రోజులైంది, ఫోన్ ఎత్తడు, ఎత్తితే మీదొక్కరిదేనా ఆర్డరు అంటాడు. వాడి మాట నమ్మి అన్ని రోజులు కూర్చోవడం మాత్రం నా తప్పే.

జైలజిన్ ఎక్కువేసి పడుకోబెట్టి కోసేయండి అన్నారు ఇంటివాళ్లు. దాంతో పశువు మగతగా పడుంటుంది గానీ కోత నొప్పి పూర్తిగా పోదు, పైగా గర్భసంచి బిగుసుకుంటుంది, దూడకి ఊపిరి మందగిస్తుంది. ఉన్న ఒక్క బాటిల్లో సెలైన్ కలుపుదామా అని కూడా చూశాను, మేకలకైతే డోసు మించితే ఫిట్స్ వస్తాయని పలచన చేసే వేస్తాం, కానీ ఇంత గేదెకి 30 ఎం.ఎల్. ఎంత పలచన చేసినా ఎక్కడ సరిపోద్ది. కుర్రాణ్ణి బండి మీద గుడివాడ పంపి మందుల షాపు తెరిపించాను. యాభై నిమిషాలు. తల్లి మూలుగుతుంటే ఆ కొట్టంలో అలా నిలబడటం ఎంత కష్టమో నాకే తెలుసు.

మందు ఎక్కించి పది నిమిషాలాగి సూదితో గుచ్చితే కదల్లేదు, అప్పుడే కత్తి పెట్టాను. దూడ ప్రాణంతోనే వచ్చింది గానీ గంటలో పోయింది. మెలిపడ్డప్పుడే దానికి రక్తం అందడం తగ్గిపోతుంది, నేను ఆగినందుకే పోయిందా అంటే చెప్పలేను, కానీ రోజూ అదే ఆలోచిస్తున్నాను. గేదె లేచింది, మేత తింటోంది, పాలిస్తోంది. ఫీజు తీసుకోలేదు. డాక్టరు చేతకాక ఆలస్యం చేశాడని టీకొట్టు దగ్గర అంటున్నారట, అననివ్వండి, మళ్లీ అలాంటి రాత్రి వచ్చినా తిమ్మిరెక్కకుండా మాత్రం కొయ్యను.

ఇప్పుడు వేరే చోట బిల్లుతో కొంటున్నా, నాలుగు ఆపరేషన్లకి సరిపడా మందు ఎప్పుడూ అరలో ఉంటుంది. అందుకని ఛార్జీ 300 పెరిగింది. ఆపరేషన్ తర్వాత మూడు రోజులు నొప్పి తగ్గించే మెలాక్సికామ్ తప్పనిసరి, వద్దనకండి, నొప్పితో ఉన్న గేదె మేత ముట్టదు. పాత చవక నొప్పి ఇంజెక్షన్లు అడగొద్దు, డైక్లోఫెనాక్ పశువులకి 2006లోనే ఆపేశారు, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023లో నిషేధించారు, అవి వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు చచ్చిపోతున్నాయి.

చూడి గేదెకి పదో నెల వచ్చిందంటే ముందే ఒక ఫోన్ కొట్టండి, పేరు రాసుకుంటా.