బూటు సైజు సాయంత్రం చూడండి

సంపాదకులకు,

బడులు తెరిచే వేళ పర్లాకిమిడి, రాయగడ, బరంపురం బజార్లలో 'రెండేళ్లు వస్తాయిలే' అని పిల్లలకు పెద్ద బూట్లు కొంటున్నారు. దయచేసి మానండి. మడమ జారితే పిల్లలు వేళ్లు ముడుచుకొని నడుస్తారు, బొబ్బలెక్కుతాయి. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక అప్పుడే, మేజోళ్లు తొడిగి, నిలబెట్టి కొలవాలి. రెండు పాదాల్లో పెద్దదే లెక్క. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు (అది బొటనవేలే కానక్కర్లేదు) 1 సెంటీమీటరు ఖాళీ చాలు. పాదం గీసిన కాగితం కత్తిరించి బూటులో పెట్టండి. పక్క అంచులు ముడుచుకుంటే వెడల్పు చాలదన్నమాట. అప్పుడు పొడవు పెంచకండి, వెడల్పాటి రకం అడగండి. చక్కెర వ్యాధితో స్పర్శ తగ్గినవారికి బిగుతు తెలియదు. వారు కొత్త జత ఇంట్లోనే గంటసేపు తొడిగి, విప్పి, ఎర్రని మచ్చలు వెతకాలి.

– పాదరక్షల పనివారు, పర్లాకిమిడి